గుండ్రటి మచ్చలు

“చెయ్యి దించకండి అక్కా. కప్పులు ఉండంగనే కదపాలె. ఇంకొంచెం పైకి. నొస్తుందా?”

“నొస్తది. నొయ్యనీ. నువ్వు లేపు.”

“గుంజినట్టుంటే పర్వాలేదు. పోటు పొడిస్తే మాత్రం చెప్పాలె, ఆపేస్త.”

“ఆపకు బిడ్డా.”

జనగామలో అది ప్రియదర్శిని నడిపే ఫిజియోథెరపీ గది. బల్ల మీద కూర్చున్న ప్రేమలత కుడి భుజం వెనక మూడు కప్పులు బిగుసుకుని ఉన్నాయి. పరదా అవతల ప్రేమలత అన్న వెంకట్రాజం గొంతు వినిపించింది.

“ప్రేమా, లోపట ఉన్నవా? మేడం, నేను ఆమె అన్నను. ఇక్కడ ఉన్నదని ఫోన్ల చెప్తే రేగొండ నుంచి వచ్చిన.”

“రా అన్నా. తువ్వాల కప్పుకున్న, రా.”

“ముందుగాల గిది చెప్పు. ఉపేందర్ యాడున్నడు?”

“మా ఆయనతోటి నీకేం పని?”

“ఏం పనా? భూపాలపల్లి పెండ్లిల నీ ఈపు మీద గుండ్రటి మచ్చలు చూసినరట. నల్లగ కమిలినయట. మీ వదినకు ఎవలో చెప్తే ఆమె ఒకటే ఏడుపు. నా చెల్లె మీద చెయ్యేస్తే ఊకుంటనా? ఇయ్యాల బావ కాళ్లు ఇరగ్గొడత.”

“గవి దెబ్బలు కావన్నా. గిటు సూడు. గీ కప్పులు పెట్టిన మచ్చలు.”

“ఏంది గివి?”

“సిలికాన్ కప్పులు సర్. ఒత్తి వదిలితే తోలును పైకి గుంజి పట్టుకుంటయి. అట్ల పట్టుకున్నప్పుడే చెయ్యి మెల్లగ తిప్పిస్తం. బిగుసుకున్న భుజం జర వదులైతది. మచ్చలు కొన్ని రోజులల్ల వాటంతట అవే పోతయి.”

“గంతేనా? పాణం లేసొచ్చింది. అంటే బావ ఏం చెయ్యలే.”

“గివి చెయ్యలే.”

“సరే, ఇగ బంజెయ్ గిదంతా. నేను సర్పంచికి నిలవడుతున్న. నీ ఈపు చూసి ఊరంత ఒక్కో తీరు అనుకుంటున్నది. పెండ్లిల కొంగన్న కప్పుకోరాదు?”

“కప్పుకోను. ఇన్నేండ్లు కప్పుకున్నది సాలు.”

“అరే, చెయ్యి లేవకుంటే ఏం పోతది? ఇంట్ల పనిమనిషి ఉన్నది గదా.”

“గా ఇంట్ల ఉండె. నా జడ ఇప్పుడు నేనే ఏసుకోవాలె. దండెం మీద బట్టలు నేనే ఆరేసుకోవాలె.”

“గా ఇంట్ల ఏంది? నువ్వు దేవరుప్పుల్ల బావ తాన లేవా?”

“ఎండకాలంలనే బయటికి వచ్చిన. జనగామలనే ఒక అర్ర కిరాయికి తీసుకున్న.”

“నాకు చెప్పకుంట?”

“చెప్తే నువ్వు ఏంజేస్తవో నాకెరుక.”

“ఏంజేస్త? బావతోటి కూసోని మాట్లాడత, నచ్చజెప్పి...”

“గదే. గందుకే చెప్పలే.”

“ఏందే నీ మొండితనం? మొగడన్నంక ఒక మాట అంటడు, కోపమొస్తే ఒక దెబ్బ ఏస్తడు. గంత మాత్రానికి...”

“ఇప్పుడే గదా అన్నా, ఆయన కాళ్లు ఇరగ్గొడతనన్నవు.”

“గది... గది నలుగురు చూసిండ్రు గదా.”

“నలుగురు చూడకుంటే?”

“మాటకు మాట పెంచకు. లే. కారు బయటనే ఉంది. దేవరుప్పులకు పోదాం, నేను దగ్గరుండి దింపుత.”

“నేను రాను.”

“రావా? పట్టుకపోత. చెయ్యి ఇటియ్యి.”

“సర్, ఆ చెయ్యి ముట్టకండి. పాత దెబ్బ అది. కీలు జారితే అప్పట్ల ఎవరూ చూపించలే. గుంజితే మళ్లా జారుతది.”

“దెబ్బనా? నాకెన్నడు చెప్పలే. ఎట్ల తగిలిందే?”

“మెట్ల మీదికెల్లి పడ్డనని చెప్పినరు గదక్కా?”

“అబద్ధం చెప్పిన బిడ్డా.”

“అంటే బావనేనా? ప్రేమా, నా మొకం చూసి చెప్పు. భయపడకు, నేనున్న.”

“భయం ఎప్పుడో పోయింది. నీ మొకం చూసే చెప్తున్న. మీ బావ కొట్టిండు, శానసార్లు కొట్టిండు. గా దెబ్బలన్ని మానినయి. గీ రెక్క మాత్రం ఆయన చేసింది కాదు. దెబ్బలకు తాళలేక నీ ఇంటికి ఉరికొచ్చిన నాడు, మల్ల పోనని నీ దర్వాజ పట్టుకుంటే, గీ చెయ్యి మెలిపెట్టి గుంజి జీపుల ఏసింది నువ్వు. గిప్పుడు మల్ల గదే చెయ్యి ఇయ్యమంటున్నవు. ఇయ్యను.”