పొదల్లో పడ్డ జింక

బుగునీ పట్నం దగ్గరి పల్లెకు మిట్టమధ్యాహ్నం కాళ్ళీడ్చుకుంటూ చేరిన నుమోరీ, తన వేట గురువు ముందు, పెద్దలకు నమలడానికి కానుకగా ఇచ్చే కోలా కాయలు పెట్టి చతికిలబడ్డాడు. చెప్పాల్సిన మాటను దారి పొడుగునా కూడగట్టుకుంటూనే వచ్చాడు.

"పళ్ళన్నీ ఊడాక తెచ్చావట్రా కోలా కాయలు? నాలుగు రోజుల కింద జింకను కొట్టాను, విన్నావా?"

"విన్నాను గురువా."

"ఒక్కటే గుండు. ఈ వయసులో!"

"అది జింక కాదు గురువా. పశువుల కాపరి హమ్మదీ వాళ్ళ ఆవు."

ముసలాయన కాయను అరచేతిలో తిప్పుతూ కూర్చున్నాడు.

"తెలుసురా. పడ్డప్పుడు అంబా అంది. కళ్ళు పోయాయిగానీ చెవులు పోలేదు."

"మరి మా తోటి వేటగాళ్ళు జింక మాంసమని తెచ్చిపెడితే తిన్నావే?"

"తిన్నాను. నిజం ఎవడు చెబుతాడా అని చూశాను. నాలుగు రోజులూ భలే గురి, భలే గురి అన్నారే తప్ప ఒక్కడూ నోరు విప్పలేదు."

"నీ మనసు నొప్పించలేకపోయారు."

"హమ్మదీ ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు. పిల్లల్ని మాత్రం ఆవుల వెంట పంపడం మానేశాడు."

ముసలాయన కాయను పక్కన పెట్టి ఇంటి లోపలికి చెయ్యి చూపాడు.

"దూలానికి తుపాకీ ఉంది. పట్టుకుపో."

"ఉండనీ గురువా. మందు కూరకపోతే చాలుగా."

"ఇంట్లో ఉంటే కూరతాను. నా సంగతి నాకు తెలియదూ?"

నుమోరీ లోపలికి వెళ్ళి తుపాకీ దించి భుజాన వేసుకున్నాడు. అది మునుపటికన్నా బరువుగా తోచింది.

"పద, హమ్మదీ ఇంటికి పోదాం. కాస్త చెయ్యి పట్టుకోరా, మెట్టు కనబడడం లేదు."