సీడార్ చెట్టు చిరునామా

వాంకూవర్ దీవి అడవిలో, వెయ్యేళ్ల సీడార్ చెట్టు కింద, అటవీ గ్రంథాలయంలో పనిచేసే ఒకామె చతికిలబడి ఉంది. పక్కనే ముసలి ఫారెస్టరు, కొట్టెయ్యాల్సిన చెట్లకు గుర్తు పెట్టే నీలం రంగు డబ్బా మూత తీస్తున్నాడు.

"కొట్టెయ్యక తప్పదా?"

"పైకొమ్మలు ఎండిపోయాయి తల్లీ. జనం వేళ్లమీద తొక్కి తొక్కి నేల బండయిపోయింది. చుక్క నీరు దిగదు."

"ఇంటర్నెట్‌లో మా గ్రంథాలయం పేజీలో దీని ఉత్త ఫొటో పెట్టి ఊరుకున్నా పోయేది. స్థలం రాయకుండా దేన్నీ వదలని అలవాటు మాది. అక్షాంశం, రేఖాంశంతో సహా రాసి పెట్టాను."

"చదువుకున్నదానివి మరి. మావాళ్లు పుట్టగొడుగులు దొరికే చోటు పెళ్లాలక్కూడా చెప్పరు."

"తర్వాత తీసేశాను కదండీ."

"నువ్వు తీశావు. పంచుకున్నవాళ్లు తీశారా?"

"కంచె వేస్తే?"

"రెండుసార్లు వేశాం, దూకొస్తున్నారు. ఇది ఇలాగే ఇంకో వందేళ్లు నిలబడగలదు. కానీ ఎండుకొమ్మ విరిగిపడితే కిందున్న మనిషి బతకడు. వాళ్లు రాకపోతే నాకీ డబ్బాతో పనేముంది?"

ఇంతలో బాట మీంచి ఒక జంట వచ్చింది.

"ఫోన్లో చూసింది ఇదేనాండీ?"

"ఇదే," అన్నాడు ఫారెస్టరు.

ఆ అమ్మాయి తన ఫోను ఆమె చేతిలో పెట్టింది. "మా ఇద్దర్నీ ఒక్క ఫొటో తీసిపెట్టరా? చెట్టు మొత్తం రావాలి."

ఆమె వెనక్కి నడిచింది. చెట్టు మొత్తం పట్టాలంటే చాలా దూరం నడవాల్సి వచ్చింది.