మాజీ ప్రెసిడెంటు గారి శాలువా

మౌంట్ ఆల్బర్ట్‌లో తెలుగు సంఘం మీటింగు జరిగే హాలు బయట, ఆగిన కారులో మామగారూ కోడలూ. ఆయన భుజాన శాలువా ఉంది. సీటు బెల్టు ఇంకా తీయలేదు.

“దిగండి మావయ్యగారూ. మనురేవాలో పిల్లల తెలుగు క్లాసు మూసేస్తామంటున్నారు. మీరు తప్ప అడిగేవాళ్ళు లేరు.”

“ప్రెసిడెంటుగా చేసి, శాలువా కప్పించుకుని దిగిపోయినవాణ్ణమ్మా. ఇప్పుడు మామూలు మెంబరుగా వెళ్ళి కూర్చుంటే నవ్వరూ?”

“ఈ వారం మా స్కూల్లో పిల్లలకి ఒకాయన గురించి చెప్పాను. రెండొందల ఏళ్ళ కిందట ప్రెసిడెంటుగా చేసి, రెండోసారి ఓడిపోయాడు. తర్వాత కాంగ్రెసులో మామూలు మెంబరుగా చేరాడు.”

“ఏ సంఘానికి ప్రెసిడెంటు?”

“అమెరికాకి. కాంగ్రెసంటే అక్కడి చట్టసభ.”

“దేశానికే! అందరితోపాటు కూర్చున్నాడా?”

“కూర్చోలేదు, లేస్తూనే ఉన్నాడు. బానిసత్వం వద్దంటూ జనం పంపిన అర్జీలు సభలో ఎత్తకూడదని రూలు పెట్టారు. ఆయన ఎత్తేవాడు. అరిచి కూర్చోబెట్టేవారు. మళ్ళీ ఎత్తేవాడు. ఏళ్ళ తరబడి అంతే. చివరికి ఆ రూలే పోయింది.”

“అమ్మో! అప్పటికి ఆయన వయసెంత?”

“మీకంటే పెద్దాయన. ఓ రోజు సభలోనే, తన బల్ల దగ్గరే ఒరిగిపోయాడు. ఇంటికి తీసుకెళ్ళే వీల్లేక ఆ భవనంలోనే పడుకోబెట్టారు. అక్కడే పోయాడు.”

మామగారు సీటు బెల్టు తీశారు.

“అంత మనిషికి లేని నామోషీ నాకెందుకమ్మా?”

“వస్తున్నారా అయితే?”

“పద. ఈ శాలువా మాత్రం కారులోనే ఉండనీ.”