పెద్దాయన నొచ్చుకుంటారు

పొగాకు పొగ పిల్లల ఊపిరితిత్తుల్ని ఏం చేస్తుందో పరిశోధించే చెల్లెలు, ఆసుపత్రి వరండాలో అన్న పక్కన కూర్చుంది. లోపల అతని కూతురు ఆక్సిజన్ మాస్కు పెట్టుకుని ఆయాసపడుతోంది.

“ఊళ్ళో పిల్లలందరినీ పరీక్షిస్తావు. నా కూతురి సంగతి పట్టలేదేం?”

“పట్టింది. నాన్న సిగరెట్లే దాని ప్రాణం మీదికి తెస్తాయని చెప్పబోతే, పెద్దాయన నొచ్చుకుంటారని నువ్వే నా నోరు నొక్కావు.”

“కిటికీ తీసే కాలుస్తారు కదా!”

“ఆ పొగ పాప పక్కదుప్పటికి కూడా పట్టేసింది, అన్నయ్యా. ఇప్పుడైనా ఆయనతో చెప్తావా?”

“ఈ వయసులో ఆయన్నేం మానమంటాను? కొన్నాళ్ళు పాపని మీ ఇంట్లో ఉంచుకో.”

“అంటే, ఆయన సిగరెట్టు మానరు. పిల్ల ఇల్లు మానాలి.”

“మెల్లగా మాట్లాడవే! నాన్న మెట్లెక్కి వస్తున్నారు. ఆయన ముందు ఈ మాటెత్తకు.”