లైటు ప్రోగ్రాం

చిక్కపేటలోని ఎలక్ట్రానిక్స్ దుకాణానికి, రిపేరుకిచ్చిన, చిన్న తెర ఉన్న సర్క్యూటు బోర్డు కోసం ఒక తల్లి వచ్చింది.

“బాగైందక్కా. యూఎస్‌బీ కేబులుతో కంప్యూటరుకి తగిలించి చూసినా. లైటు ఎట్ల మెరుస్తా ఉండాదో చూడండి.”

“లైటు కాదప్పా. పొద్దున ఎనిమిదికి ‘అమ్మా, మాత్ర వేసుకో’ అని తెరమీద వచ్చేది. మా పాప చైత్ర రాసిన ప్రోగ్రాం.”

“అది చెరిగిపోయింటాది. బోర్డు పని చేస్తాదో లేదో చూసేదానికి మేము లైటు ప్రోగ్రాం ఎక్కిస్తాము.”

“వదులైన కేబులు సాకెట్టు మాత్రం బిగించమని చీటీ రాసిచ్చినాను కదా.”

“చీటీలు ఎవరు చదువుతారక్కా? పాపను మళ్ళీ ఎక్కించమనండి, ఐదు నిమిషాల పని.”

“పాప లేదు. చనిపోయి మూడు నెలలైంది.”

“అయ్యో. అదే మాట నేను రాసి ఎక్కిస్తాలే అక్కా. అట్లే వస్తాది.”

“ఆ మాట నువ్వు రాయొద్దప్పా. ముందు కేబులు పీకి, ఆ లైటు ఆర్పు.”