పెద్ద డ్రైవ్‌కు బొట్టు

ఎల్లారెడ్డిలో తమ ఇంటి ముందుగదిలో కూర్చుని, తనకు కావలసినట్టు చేయించుకున్న కొత్త ల్యాప్‌టాప్‌ను బోర్లించి, కూతురు అడుగు మూత మళ్లీ విప్పింది. తల్లి పక్కకు వచ్చి కూర్చుంది.

“రెండు డ్రైవ్‌లు పెట్టిన అవ్వా. చిన్నది నడుస్తున్నది, పెద్దది కనబడ్తనే లేదు. మల్ల కామారెడ్డి పోయి మార్చుకరావాలె.”

“నిన్ననే గద తెచ్చినవ్!”

కూతురు పెద్ద డ్రైవ్‌ను ఊడదీసింది. “ఆగు. లోపల తగిలే ఈ కొసకు ఎర్రగ ఏందిది? కుంకుమనా?”

“కొత్త సామాను బిడ్డా, బొట్టు పెట్టకుండ ఎట్ల వాడుతరు? నువ్వు బిగించకముందే పెట్టిన. బంగారమోలె మెరుస్తుంటే అదే మొఖం అనుకున్న.”

“మరి చిన్నదానికెందుకు పెట్టలే?”

“చిన్నదాంతోని మిషన్ నడుస్తది, పెద్దదాంట్ల నా పనంత దాసుకుంటనని నువ్వే చెప్తివి. పాతది ఖరాబై రెండేండ్ల పని పోయిననాడు నువ్వు అన్నం ముట్టలే. నేను మర్చిపోలే.”

కూతురు మెత్తని గుడ్డతో కుంకుమ తుడిచి, డ్రైవ్‌ను మళ్లీ బిగించి, ల్యాప్‌టాప్ ఆన్ చేసింది.

“కనబడ్డదా?”

“ఆ, రెండూ కనబడ్డయి.”

“తుడిచేస్తివి గద. ఇప్పుడు బొట్టు యాడ పెట్టాలె?”

“నా నొసటికి పెట్టు అవ్వా. దాన్ని నేను సూసుకుంట.”