బిందె మెడకు అంటిన అయస్కాంతం

"పెద్దనాయినా, మామకూ నీకూ ఆ స్టీలు బిందె లొల్లి ఏందీ?" అని అడిగితివి గదా బిడ్డ. కూసో, చెప్త. తల్సుకుంటె ఇప్పటికీ కడుపు మండుతది నాకు.

మీ మామ అంటె మా సుగుణక్క మొగడు, నాకు బావ. బన్సీలాల్‌పేట్ల కొత్త ఫ్లాటు తీసుకున్నడు. పాలు పొంగిచ్చిన నాడు అందరు పైసల కవర్లు చేతుల వెట్టిన్రు. నేను గట్ల జెయ్యలె. అక్కకు ఇస్తె చేతికి బరువు తెలవాలె అనుకున్న. నాలుగు దుకాన్లు తిరిగి మంచి స్టీలు బిందె తెచ్చి, దాని మీద వాళ్లిద్దరి పేర్లు చెక్కిచ్చిన. కింద నా పేరు సుత, జెర చిన్నగ. మా చిన్నప్పుడు గల్లీలకొచ్చేటోళ్లకు పాత బట్టలు ఏస్తె స్టీలు సామాను ఇస్తుండె. ఒక్క టిఫిను డబ్బకు మా నాయిన పెండ్లి కోటు పోయింది, మా అమ్మ ఏడ్చింది... కాదు కాదు, ఏడ్చింది నాయిన. సరె, అది వేరే ముచ్చట.

ఈ బావ ఫోన్ల ఏదో వీడియో చూసిండట, అయస్కాంతం అంటుకుంటె నకిలీ స్టీలని. కొత్తింట్ల అడుగువెట్టే నాడు జేబుల అయస్కాంతం ఎవడన్న వెట్టుకుంటడా బిడ్డ? ఈయన వెట్టుకున్నడు. బువ్వ తింటున్నోళ్లందరి ముందట బిందె మెడకు ఆనిచ్చిండు. టక్కున... టక్కున కాదు, అబద్ధమెందుకు, మెల్లగ అంటింది.

"బామ్మర్ది, దుకాణపోడు నిన్ను మోసం జేసిండా, నువ్వు మమ్ముల జేసినవా?" అన్నడు. అందరు నవ్విన్రు. అక్క తల దించుకొని వంటింట్లకు పోయింది. బిందె బాల్కనీలకు పోయింది, చీపుర్లు వెట్టనీకి. నా పేరున్న బిందెల చీపుర్లు.

నేను పదో తరగతి దాంకనే సదివిన, కని కండ్లున్నయి గదా. పాత స్పీకరు ఇప్పి అండ్లకెళ్లి పెద్ద అయస్కాంతం తీసిన. ఇంట్ల సామాను మొత్తం సూసుడు షురూ జేసిన. "నన్ను వంట జేస్కోనిస్తవా లేదా" అని మీ పెద్దమ్మ ఒకటే పరేషాన్. ఏం దొరికిందో తెల్సా? అదే గిన్నె, అడుక్కు అంటదు, వంచిన అంచుకు అంటది. ఇదేం తమాషా అని ఒక స్పూనుకు దారం కట్టి ఏలాడదీసిన. అయస్కాంతం దగ్గర వెడితె కదలలె. ఆ స్పూను మెడ అటు వంచి, ఇటు వంచి, మళ్ల ఏలాడదీసిన. గిప్పుడు అయస్కాంతం దిక్కు జరిగింది బిడ్డ, మెల్లగ, ఎవరో పిలిస్తె మెడ తిప్పినట్టు. ఆ సంతోషం నీకెట్ల చెప్పాలె. స్టీలు మంచిదే. వంచితె, సాగదీస్తె గట్ల మారుతది. మరి మెడ సాగదీయకుంట బిందె ఎట్లయితది?

స్పూను, దారం, అయస్కాంతం వట్టుకొని బావ ఇంటికి పోయిన. చూపిస్తె, "నీ స్పూను సుత నకిలీదే" అన్నడు. "అయితె మీ ఇంటిదే తీయి, నీ చేత్తోనే వంచు" అన్న. అక్క తెచ్చిచ్చింది, బావ దగ్గరుండి అయస్కాంతం వెట్టి కొన్న స్పూనే. వంచిండు. కట్టినం. జరిగింది.

"ఫ్యాను గాలికి" అన్నడు బావ.

అక్క లేచి ఫ్యాను బంద్ జేసింది. మళ్ల జరిగింది. అప్పుడన్న ఒప్పుకోవాలె గదా మనిషి? "చాయ్ వెట్టు" అన్నడు.

అక్క చాయ్ వెట్టలె. బాల్కనీలకు పోయి చీపుర్లు తీసి బయటేసింది. బిందెను తోమి, నీళ్లు నింపి, వంటింట్ల గట్టు మీద వెట్టింది. "ఇంట్ల తాగే నీళ్లు ఇగ ఇవే, ఇష్టముంటె తాగు" అన్నది.

తప్పైందని ఒక్క మాట అన్నడా మీ మామ? అనలె. నిన్న ఫోన్ జేసిండు. పనేం లేదు. ఎండల ముచ్చట, మోకాళ్ల ముచ్చట చెప్పిండు. "బామ్మర్ది, ఆ బిందెల నీళ్లు మస్తు సల్లగుంటున్నయిరా" అన్నడు.

స్టీలు బిందెల నీళ్లు సల్లగ యాడుంటయి బిడ్డ, అదేమన్న మట్టి కుండనా? కోపం రాదా నాకు? "అవు బావ, ఉంటయి" అన్న. ఏమంట మరి.

నవ్వుతున్నవా? నవ్వు, నవ్వు. గిట్లనే నవ్వుకుంట మంచిగుండు.